మెడ మీద తేదీ: స్కూబా ట్యాంకు ఎందుకు పేలుతుంది

పెన్నాలోనో, సోమశిల జలాశయంలోనో ఎవరైనా గల్లంతైతే మర్నాడు పేపర్లో గజ ఈతగాళ్ల ప్రస్తావన వస్తుంది. వాళ్లు ‘ఆక్సిజన్ సిలిండర్లు’ కట్టుకుని గాలిస్తున్నారన్న మాట కూడా దాంతోపాటే వస్తుంది. ఈ రెండో మాట తప్పు. వీపున కట్టుకుని దిగేది ఆక్సిజన్ కాదు, మామూలు గాలి. ఫ్యాను కింద కూర్చుని మనం పీల్చే గాలినే ఎండబెట్టి, వడగట్టి, రెండు వందల రెట్లు ఒత్తిడితో ఒక లోహపు సీసాలో కుక్కుతారు. ఆ సీసానే స్కూబా ట్యాంకు. పేరు దగ్గర జరిగిన పొరపాటే కదా అని వదిలేయొచ్చు. కానీ ‘ఆక్సిజన్’ అన్నప్పుడు నిప్పు ఒక్కటే ప్రమాదమనుకుంటాం, ‘ఒట్టి గాలే’ అన్నప్పుడు అసలు ప్రమాదమే లేదనుకుంటాం. ట్యాంకు దగ్గర పనిచేసేవాళ్లకి రెండూ కొంపముంచే నమ్మకాలే.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సరదాకి స్కూబా చేసేవాళ్లు తక్కువ. ఆ ముచ్చట ఉన్నవాళ్లు వైజాగ్ రుషికొండకో, పుదుచ్చేరికో పోతారు. ఇక్కడ ట్యాంకు ఒక పనిముట్టు. కృష్ణపట్నం లాంటి రేవులో ఓడ అడుగుభాగం చూడాలన్నా, ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న వల కోయాలన్నా, జలాశయం గేటు కింద ఏముందో తెలియాలన్నా ఎవరో ఒకరు నీళ్లలోకి దిగాల్సిందే. 2022 ఆగస్టులో గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు కొట్టుకుపోయాక, కంటికి కనపడని ఆ అడుగుభాగం ఎంత ముఖ్యమో ఒంగోలు చుట్టుపక్కల అందరికీ తెలిసొచ్చింది. పనిముట్టుగా వాడే వస్తువుకి ఒక గుణం ఉంటుంది. చేతులు మారుతుంది, సెకండ్ హ్యాండ్‌లో వస్తుంది, పని అయ్యాక షెడ్డులో ఓ మూల పడుంటుంది. ట్యాంకు పేలడానికి సగం కారణాలు ఆ మూలలోనే తయారవుతాయి.

పదకొండు లీటర్ల చోటులో రెండు వేల లీటర్లు

ఎక్కువగా కనిపించే అల్యూమినియం ట్యాంకు ఖాళీగా సుమారు 14 కిలోలు తూగుతుంది. నీళ్లు పోస్తే 11 లీటర్లు పడతాయి. ఆ చోటులోకి దాదాపు 2,200 లీటర్ల గాలి ఎక్కిస్తారు. గాలికి బరువేముందిలే అనుకుంటాం గానీ, నిండిన ట్యాంకు ఖాళీ ట్యాంకు కన్నా రెండున్నర కిలోలు ఎక్కువ తూగుతుంది.

గేజ్ మీద ముల్లు 200 బార్ దగ్గర ఆగుతుంది. ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి. పీఎస్ఐ లెక్కలో దాదాపు 3,000. కారు టైరులో ఉండేది 32. లారీ టైరులో 110 నుంచి 120. లారీ టైరుకి గాలి కొడుతుండగా రిమ్ము రింగు లేచి మనుషులు పోయిన సంగతులు హైవే పక్కన పంక్చర్ షాపు నడిపే ఎవరికైనా తెలుసు. స్కూబా ట్యాంకులో ఉండేది ఆ లారీ టైరుకి పాతిక రెట్లు. ఇంట్లో గ్యాస్ బండతో పోల్చినా అంతే. బండలో గ్యాసు ద్రవంగా ఉంటుంది, దాని ఒత్తిడి సాధారణంగా పది బార్ల లోపే. బండ భయపెట్టేది మంటతో. అందుకే మనకి వాసన చూడటం, రెగ్యులేటర్ కట్టేయడం, కిటికీ తెరవడం అలవాటయ్యాయి. గాలి ట్యాంకుకి వాసన లేదు, మంట లేదు. కాబట్టి బండ నేర్పిన జాగ్రత్తలేవీ ఇక్కడ పనికిరావు.

ఆ 200 బార్ అంటే ఏమిటో చేతికి తెలిసేలా చెప్పాలంటే ట్యాంకు అడుగుని చూడాలి. లోపలివైపు అది టిఫిన్ ప్లేటంత వెడల్పు ఉంటుంది. దానిమీద గాలి తోసే బలం 40 టన్నుల పైమాట. చీమకుర్తి నుంచి గ్రానైట్ బ్లాకు వేసుకుని రేవు వైపు వెళ్లే ట్రెయిలర్ లారీని ఆ ప్లేటు మీద నిలబెట్టినట్టు. ట్యాంకు నిండి ఉన్నంతసేపూ, రాత్రీ పగలూ, ఆ బరువు దిగదు. ఒక్కసారిగా గోడ చీలితే బయటికొచ్చే శక్తి పది టన్నుల లారీని నాలుగు మీటర్ల పైకి ఎత్తడానికి సరిపోతుంది.

2008 జులై 25న హాంకాంగ్ నుంచి మెల్‌బోర్న్ వెళ్తున్న క్వాంటాస్ విమానంలో ఇలాంటి అధిక పీడన సిలిండర్ ఒకటి పగిలింది. అది స్కూబా ట్యాంకు కాదు, ప్రయాణికుల అత్యవసర ఆక్సిజన్ కోసం సామాన్ల అరలో పక్కగా బిగించి ఉంచిన సిలిండర్లలో ఒకటి. 29,000 అడుగుల ఎత్తులో విమానం పక్కభాగానికి పెద్ద చిల్లు పడింది. సిలిండర్ రాకెట్‌లా పైకి లేచి, ప్రయాణికుల అంతస్తు నేలని చీల్చుకుని, తలుపు హ్యాండిల్‌ని గుద్ది, పైకప్పుని తాకి, మళ్లీ అదే దారిన కిందికి పడి, చిల్లులోంచి సముద్రంలోకి పోయింది. విమానం మనీలాలో దిగింది. లోపలున్న 365 మందిలో ఒక్కరికీ గాయం కాలేదు. సిలిండర్ దొరక్కపోవడంతో అది అసలెందుకు పగిలిందో ఆస్ట్రేలియా దర్యాప్తు సంస్థ తేల్చలేకపోయింది. విమానాల్లో సిలిండర్‌కి జరిగినన్ని తనిఖీలు షెడ్డులో పడున్న ట్యాంకుకి జరగవు కదా.

పేలేది నీళ్లలో కాదు

ట్యాంకు పేలుతుందంటే చాలామంది నీళ్లలో ఉన్న డైవర్ గురించి భయపడతారు. నిజానికి అతని వీపు మీద ట్యాంకు నిమిష నిమిషానికి ఖాళీ అవుతూ ఉంటుంది, ఒత్తిడి తగ్గుతూ ఉంటుంది. చుట్టూ చల్లటి నీళ్లు. ట్యాంకు జీవితంలో అంతకన్నా నెమ్మదైన సమయం లేదు. గోడలు చీలిన ప్రమాదాలు ఎక్కువగా నింపేటప్పుడో, నింపిన కొద్దిసేపటికో జరుగుతాయి. ఒత్తిడి పెరుగుతూ అత్యధిక స్థాయికి చేరేది అప్పుడే, కుక్కిన గాలి వేడెక్కేదీ అప్పుడే. ఆ క్షణంలో పక్కన ఉండేది కంప్రెషర్ దగ్గర గొట్టం పట్టుకున్న కుర్రాడు. ట్యాంకుని ఉప్పునీళ్లలో వదిలేసింది ఒకరు, కింద పడేసింది మరొకరు, పరీక్ష ఎగ్గొట్టింది ఇంకొకరు. ముగ్గురి నిర్లక్ష్యానికీ బిల్లు మాత్రం ఆ కుర్రాడి పేరు మీద వస్తుంది. ఈ విషయంలో రాసే జాగ్రత్తలన్నీ డైవర్‌ని ఉద్దేశించి ఉండటం అందుకే సగం పనిలా అనిపిస్తుంది.

‘ఇంకో పది కొట్టబ్బయా, లోపల ఎక్కువసేపు ఉండాలి’ అనే మాట ఆ కుర్రాడికి రోజూ వినపడేదే. ట్యాంకుకి నిర్ణయించిన ఒత్తిడి కన్నా పది బార్లు ఎక్కువైతే మంచి ట్యాంకు ఆ రోజే పగలదు. కానీ ప్రతిసారీ పది ఎక్కువ తిన్న లోహం ఆ లెక్క మర్చిపోదు. ముఖ్యంగా అల్యూమినియం. ఉక్కుకి ఒక హద్దు ఉంటుంది, దానికి లోబడి ఎన్నిసార్లు సాగదీసినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, నింపిన ప్రతిసారీ ఎంతో కొంత అలసిపోతుంది. పైగా ఉక్కంత బలమూ లేదు. అందుకే అల్యూమినియం ట్యాంకు గోడని సుమారు 11 మిల్లీమీటర్ల మందంగా చేస్తారు. ఉక్కు ట్యాంకుకి అందులో సగం కూడా అక్కర్లేదు.

అల్యూమినియం ట్యాంకుల్లో ఒక పాత తరం గురించి విడిగా చెప్పుకోవాలి. 1970, 80ల్లో చాలా ట్యాంకులు 6351 అనే మిశ్రమంతో చేశారు. బలంలో లోపం లేదు. కానీ ఏళ్ల తరబడి ఒత్తిడి కింద ఉంటే ఈ లోహంలో, మెడ దగ్గర, వాల్వ్ బిగించే మరల మధ్య వెంట్రుకంత పగులు పుట్టి మెల్లగా భుజం వైపు పాకుతుంది. దెబ్బ తగలక్కర్లేదు, తుప్పు పట్టక్కర్లేదు. ట్యాంకు నిండుగా ఉండటమే చాలు. పగులు మెడ దాటి భుజానికి చేరిన ట్యాంకు ఒకరోజు నింపుతుండగా ముక్కలైపోతుంది. ప్రపంచంలో పలుచోట్ల ఇలా జరిగాక 1980ల చివరి నుంచి తయారీదారులు 6061 అనే మిశ్రమానికి మారారు. అమెరికాలో పాత మిశ్రమం ట్యాంకులకి ఐదేళ్లకోసారి జరిగే ఒత్తిడి పరీక్షతోపాటు మెడలో ఎడ్డీ కరెంట్ పరీక్ష కూడా తప్పనిసరి చేశారు. కంటికి ఆనని పగులు దగ్గర విద్యుత్ ప్రవాహం దారి తప్పుతుంది, యంత్రం దాన్ని పట్టుకుంటుంది. చాలా దేశాల్లో ఫిల్లింగ్ స్టేషన్లు ఇంత గొడవ ఎందుకని ఆ తరం ట్యాంకుల్ని ముట్టుకోవడమే మానేశాయి. అవి మాయమైపోలేదు. చవగ్గా వచ్చిన సెకండ్ హ్యాండ్ ట్యాంకు 1990కి ముందుదైతే, ఎంత తక్కువకి వచ్చినా అది ఖరీదైన బేరమే.

తుప్పు కథ వేరు. డైవర్ గాలిని ఆఖరి చుక్కదాకా పీల్చేసి, లోపల ఒత్తిడి లేని ట్యాంకుని వాల్వ్ తెరిచి పడవలో పడేస్తే, ఉప్పునీరు కొన్ని చుక్కలు లోపలికి పోతాయి. తర్వాత అదే ట్యాంకుకి గాలి నింపుతారు. ఇప్పుడు లోపల ఉప్పుంది, తేమ ఉంది, మామూలు కన్నా రెండు వందల రెట్లు ఆక్సిజన్ ఉంది. తుప్పుకి ఇంతకన్నా పెళ్లిభోజనం ఉండదు. పడవ కొక్కెం మీద రెండేళ్లలో పట్టే తుప్పు లోపల నెలల్లో పడుతుంది. తుప్పు గోడని పల్చన చేయడంతో ఆగదు, గాలిలోని ఆక్సిజన్‌ని కూడా తినేస్తుంది. అలా నెలల తరబడి నింపి ఉంచిన ఉక్కు ట్యాంకులో మిగిలే గాలి మనిషి బతకడానికి చాలకపోవచ్చు. దాన్ని పీల్చేవాడికి ఉక్కిరిబిక్కిరి అనిపించదు. మనకి ఊపిరాడట్లేదనిపించేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నందుకు. ఇక్కడ అది పేరుకోదు. హెచ్చరిక లేకుండా స్పృహ తప్పుతుంది. ట్యాంకు పేలకుండానే మనిషి పోతాడు.

రోహిణి కార్తె, పౌడర్ కోటింగ్

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. నెల్లూరు ఎండకి ట్యాంకులు కూడా పగులుతాయా? ఎక్కడ సిలిండర్ పేలినా ‘ఎండ వేడికి పేలింది’ అని తేల్చేయడం మనకి తేలికైన ముగింపు. లెక్క చూద్దాం. ఉదయం 27 డిగ్రీల దగ్గర 200 బార్ నింపిన ట్యాంకుని కారు డిక్కీలో పెట్టి ఎండలో వదిలేస్తే, అది 57 డిగ్రీలకి చేరినప్పుడు లోపల ఒత్తిడి 220 బార్ అవుతుంది. పది శాతం పెరిగింది. అలాంటి ట్యాంకుని పరీక్షించేదే సుమారు 345 బార్ దగ్గర. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న ట్యాంకుని ఎండ ఒక్కటే పేల్చలేదు. ఎండలో పేలిందంటే అది అప్పటికే జబ్బుతో ఉన్న ట్యాంకనీ, పది బార్లు ఎక్కువ కొట్టించుకుని వచ్చిందనీ అనుమానించాలి. నీడన ఉంచమని చెప్పేది ఇందుకే, లోపల ఏ జబ్బుందో బయటికి తెలియదు కాబట్టి.

అసలు భయపడాల్సిన వేడి వేరే ఉంది. పాత అల్యూమినియం ట్యాంకు రంగు వెలిసిపోతే, గేట్లకీ గ్రిల్స్‌కీ వేసినట్టే పౌడర్ కోటింగ్ వేయిద్దామనిపిస్తుంది. ప్రతి పట్టణంలో ఆ షాపులున్నాయి. ఆ రంగు పట్టాలంటే వస్తువుని ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల దాకా కాల్చాలి. ట్యాంకు అల్యూమినియానికి బలం వచ్చిందే ఫ్యాక్టరీలో లెక్క ప్రకారం వేడిచేసి చల్లార్చడం వల్ల. మళ్లీ అంత వేడికి పోతే ఆ బలం కరిగిపోతుంది. 177 డిగ్రీలు దాటిన అల్యూమినియం ట్యాంకుని పనికిరానిదిగా పక్కన పెట్టాలన్నది అమెరికా నిబంధన. ఓవెన్‌లోంచి అది కొత్త పెళ్లికొడుకులా మెరుస్తూ బయటికొస్తుంది. గోడ మందం తగ్గలేదు, పగులు లేదు, తుప్పు లేదు. బలం మాత్రం లేదు. చూసి కనిపెట్టే దారి కూడా లేదు.

అగ్నిప్రమాదంలో చిక్కుకున్న ట్యాంకు విషయంలోనూ ఇలాంటి తిరకాసే ఉంది. కొన్ని వాల్వ్‌లకి పలుచటి రాగి బిళ్ల ఉంటుంది. ఒత్తిడి హద్దు మీరితే ట్యాంకు బదులు అది చిరిగి గాలిని వదిలేస్తుంది. దాన్ని బర్స్ట్ డిస్క్ అంటారు. నిండు ట్యాంకుకి మంట తగిలితే ఒత్తిడి త్వరగా పెరిగి డిస్క్ చిరుగుతుంది. సగం ఖాళీ అయిన అల్యూమినియం ట్యాంకులో ఒత్తిడి డిస్క్ చిరిగే స్థాయికి చేరేలోపే గోడ మెత్తబడిపోవచ్చు. అంటే మంటల్లో సగం ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదకరం. ఖాళీదే కదా అని ఫైర్ సిబ్బందికి చెప్పకుండా ఉండకూడదు.

శబ్దం గురించి ఒక మాట. వాల్వ్‌కీ రెగ్యులేటర్‌కీ మధ్య ఉండే ఓ-రింగ్ అనే రబ్బరు చుట్ట తెగితే చెవులు చిల్లులుపడే మోత వస్తుంది. బర్స్ట్ డిస్క్ పోయినా అంతే. చుట్టుపక్కల వాళ్లంతా పరుగెడతారు. ఆ రెండూ పెద్ద హాని చేయవు, గాలి చిన్న దారిన పోతుంది, వాల్వ్ కట్టేయొచ్చు లేదా ఖాళీ అయ్యేదాకా దూరంగా నిలబడొచ్చు. మెడలో పాకే పగులు మాత్రం నోరు మెదపదు. మహా అయితే మెడ చుట్టూ సబ్బునీళ్లు పూస్తే ఒకట్రెండు బుడగలు లేస్తాయి. డిస్క్ పదేపదే పోతోందని విసుగొచ్చి రెండు డిస్కులు కలిపి బిగించేవాళ్లున్నారు. కుక్క అరుస్తోందని మూతి కట్టేసినట్టు.

ఒక మిల్లీమీటరు తేడా

గోడ చీలకుండానే మనిషిని చంపే దారి ఇంకొకటుంది. వాల్వ్ ఎగిరిపోవడం. వాల్వ్ మరలు అన్నీ ఒకలా ఉండవు. యూరప్ తరహా ట్యాంకుల్లో 25 మిల్లీమీటర్ల మర, ఎం25 అంటారు. అమెరికా తరహా వాటిలో ముప్పావు అంగుళం మర, అది బయటి కొలతలో 26 మిల్లీమీటర్ల చిల్లర. పాత వాల్వ్ పాడై, చేతికి దొరికిన ఎం25 వాల్వ్‌ని ముప్పావు అంగుళం మెడలో తిప్పితే అది పడుతుంది. కాస్త వదులుగా అనిపిస్తుంది, ఓ-రింగ్ దగ్గర బిగుసుకుంటుంది, గాలి కూడా లీకవదు. గేజ్ 50 దాటుతుంది, 100 దాటుతుంది. వాల్వ్ అడుగున గాలి తోసే బలం 200 బార్ దగ్గర దాదాపు ఒక టన్ను. ఆ టన్నుని పట్టుకుని ఉన్నది మర అంచుల్లో గోరంత లోహం. అది జారిన క్షణంలో కిలోకి తక్కువ బరువున్న ఇత్తడి ముక్క తూటా అవుతుంది, ట్యాంకు వెనక్కి తంతుంది.

వాల్వ్ మీద, ట్యాంకు మెడ మీద మర కొలత చెక్కి ఉంటుంది. రెండూ చదివి పోల్చడానికి పది సెకన్లు చాలు. ‘పట్టింది కదా’ అన్నది కొలత కాదు.

మన తీరంలో ఇంకో ప్రలోభం ఉంది, ఇది వేరేచోట్ల అంతగా కనపడదు. రొయ్యల హేచరీల్లో సీడ్ ప్యాకింగ్ కోసం పెద్ద నల్ల ఆక్సిజన్ సిలిండర్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. పాలిథిన్ సంచిలో నీళ్లు, రొయ్యపిల్లలు, మిగతా చోటంతా ఆక్సిజన్, పైన రబ్బరు బ్యాండు. ఆ సిలిండర్లలో గ్యాసు సుమారు 150 బార్ల దగ్గర ఉంటుంది. స్కూబా గాలి నింపే కంప్రెషర్ దగ్గర్లో ఉండదు. పంక్చర్ షాపు కంప్రెషర్ పది బార్లకే ఆయాసపడుతుంది. అప్పుడు ‘ఆక్సిజనే కదా, ఇందులోంచి అందులోకి గొట్టం పెడితే సరి’ అనిపించడం సహజం. అలా చేస్తే ప్రాణాలతో చెలగాటమే, రెండు రకాలుగా.

మొదటిది నిప్పు. వాల్వ్ గబుక్కున తిప్పితే, గొట్టం చివర చిక్కుకున్న గ్యాసు ఒక్కసారిగా నలిగి కొన్ని వందల డిగ్రీలకి వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టేటప్పుడు అడుగు వేడెక్కేది ఈ కారణంతోనే, ఇక్కడ దానికి ఎన్నో రెట్లు. ఆ చోట గ్రీజు మరక, నూనె చుక్క ఉన్నా ఒత్తిడిలో ఉన్న స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో భగ్గుమంటుంది. వాల్వ్‌లకి నూనె గానీ అలాంటి కందెన గానీ వాడొద్దని గ్యాస్ సిలిండర్ల నిబంధనల్లో రాసి ఉన్నది ఇందుకే. బిగుసుకున్న వాల్వ్‌కి రెండు చుక్కలు ఆయిల్ వేయడం మన మెకానిక్కులకి అలవాటు, ఇక్కడ ఆ చెయ్యి ఆగాలి. రెండోది నీళ్లలో. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఆరు మీటర్ల లోతు దాటితే విషం. మూర్ఛ వస్తుంది, నోట్లోని గొట్టం జారిపోతుంది. ఒడ్డు మీద ప్రాణం పోసే గ్యాసు అక్కడ తీసేస్తుంది. పేపర్లో ‘ఆక్సిజన్ సిలిండర్’ అన్న మాట తప్పని మొదట్లో అన్నది భాష మీద పట్టింపుతో కాదు.

మెడ చెప్పే జాతకం

ట్యాంకు భుజం మీద చెక్కిన అక్షరాలే దాని జాతకం. తయారీదారు, వరస సంఖ్య, ఏ ప్రమాణం ప్రకారం చేసింది, ఎన్ని లీటర్లు, పనిచేసే ఒత్తిడి, పరీక్ష ఒత్తిడి, పరీక్ష జరిగిన నెల, సంవత్సరం. ఇంట్లో గ్యాస్ బండ మీద ఏ, బీ, సీ, డీ అక్షరాలతో సంవత్సరం రాసి ఉండటం చాలామంది చూసే ఉంటారు. అది తర్వాతి పరీక్ష ఎప్పటిలోగా జరగాలో చెబుతుంది. స్కూబా ట్యాంకు మీది తేదీ సాధారణంగా పరీక్ష ఎప్పుడు జరిగిందో చెబుతుంది. బండ లెక్కలో చదివితే 2019 ముద్ర చూసి గడువు 2019తో ముగిసిందనుకుంటాం. ట్యాంకు లెక్కలో దానికి ఐదేళ్లు కలిపితే 2024. ఎలా చదివినా ఈ రోజుకి అది నింపకూడని ట్యాంకే. 2023 ముద్ర ఉన్నది మాత్రం బండ లెక్కలో గడువు తీరినది, ట్యాంకు లెక్కలో 2028 దాకా వాడదగ్గది.

ఐదేళ్లకోసారి జరిగే ఆ హైడ్రో టెస్ట్ చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. ట్యాంకు నిండా నీళ్లు నింపి, నీళ్లతో నిండిన ఇంకో పెద్ద గొట్టంలోకి దించి మూత బిగిస్తారు. లోపల ఒత్తిడి పరీక్ష స్థాయికి పెంచుతారు. ట్యాంకు ఉబ్బుతుంది, ఎంత ఉబ్బితే అన్ని నీళ్లు పక్కనున్న గాజు గొట్టంలోకి ఎక్కుతాయి. ఒత్తిడి తీసేస్తే ట్యాంకు మళ్లీ కుంచించుకుని నీళ్లు దిగాలి. పూర్తిగా దిగవు, కొంచెం మిగులుతాయి. ఆ మిగిలింది మొత్తం ఉబ్బులో పది శాతం దాటితే లోహం సాగుడు గుణం కోల్పోయిందని లెక్క, ట్యాంకు తప్పినట్టే. గాలితో కాకుండా నీళ్లతో ఎందుకు చేస్తారంటే నీళ్లు నలగవు. పరీక్షలో ట్యాంకు చీలినా టప్‌మని శబ్దం, కొన్ని నీళ్లు, అంతే.

దీనికి తోడు ఏడాదికోసారి వాల్వ్ విప్పి, లోపలికి సన్నటి బల్బు దించి, చిన్న అద్దంతో మెడ మరలు చూడటం డైవింగ్ రంగంలో ఆనవాయితీ. డాక్టరు టార్చి వేసి గొంతు చూసినట్టే. మెడ పగులు, లోపలి తుప్పు దొరికేది ఎక్కువగా ఇక్కడే. హైడ్రో టెస్ట్ పాసైన ట్యాంకులో కూడా మెడ పగులు ఉండవచ్చు. రెండిట్లో ఒకటి చాలు అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

చట్టం దీన్ని ఎంత తీవ్రంగా చూస్తుందో చాలామందికి తెలియదు. లోహపు పాత్రలో కుక్కిన గ్యాసుని 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద పేలుడు పదార్థంగా 1938లోనే ప్రకటించారు. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనలు. వాటిని చూసేది నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ), అంటే టపాసుల వ్యవహారం చూసే సంస్థే. నింపడానికి లైసెన్సు కావాలి. నింపిన సిలిండర్‌ని సైకిల్ మీద గానీ, మోటారున్న ద్విచక్రవాహనం మీద గానీ తీసుకెళ్లకూడదు. ఈ చివరి నిబంధన చదివి నవ్వుకోవచ్చు. మోపెడ్ ముందు కాళ్ల దగ్గర అడ్డంగా సిలిండర్ పెట్టుకుని పోయే దృశ్యం ఎవరికి కొత్త?

వాడకంలో జాగ్రత్తలు పెద్ద శాస్త్రమేమీ కాదు. జెట్టీ మీద ట్యాంకుని ఒంటరిగా నిలబెట్టి వెళ్లకూడదు, పడుకోబెట్టాలి లేదా కట్టాలి. బండిలో అడ్డంగా వేసి దొర్లకుండా ఇటూ అటూ గుడ్డ చుట్టలో చెక్క ముక్కలో పెట్టాలి. వాల్వ్ నెమ్మదిగా తిప్పాలి, ఎవరి ముఖం వైపూ ఉండకూడదు. మెడ దగ్గర లీకు కనిపిస్తే చాలామంది చెయ్యి స్పానర్ మీదికి పోతుంది. ఒత్తిడి ఉండగా వాల్వ్‌ని బిగించనూ కూడదు, వదులు చేయనూ కూడదు. ముందు గాలి మొత్తం వదిలేయాలి. డైవ్ ముగిసేసరికి కనీసం 20, 30 బార్లు మిగల్చాలి, అప్పుడే బయటి నీరు లోపలికి రాదు. మంచినీళ్లతో కడగాలి. అడుగున ఉండే రబ్బరు బూటు అప్పుడప్పుడు ఊడదీయాలి, ఉప్పు దాక్కునేది దాని కిందే. నింపేటప్పుడు నిమిషానికి 20 నుంచి 40 బార్ల వేగం చాలు. నీళ్ల తొట్టెలో పెట్టి నింపితే పేలినా ఏమీ కాదన్నది అపోహ, తొట్టె పేలుడుని ఆపదు. కంప్రెషర్ గాలి పీల్చుకునే గొట్టం డీజిల్ ఇంజన్ పొగకి దూరంగా, గాలి వచ్చే వైపు ఉండాలి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ట్యాంకులోకి పోతే దాని సంగతి నీళ్ల అడుగున తేలుతుంది. అన్నిటికన్నా ముందు, గొట్టం తగిలించే కుర్రాడికి ముద్ర చదవడం నేర్పాలి. గడువు తీరిన ట్యాంకుని ‘నింపను’ అని వెనక్కి పంపినందుకు యజమాని తిట్టకుండా ఉండాలి. రెండోదే కష్టం.

పరీక్షలో తప్పిన ట్యాంకు సంగతి మిగిలింది. దాన్ని అలాగే పాత ఇనుప సామాన్ల కొట్టుకి వేస్తే రెండు దారులు. ఎవరో రంగు వేసి మళ్లీ అమ్ముతారు, లేదా లోపల గాలి ఉందో లేదో చూడకుండా గ్యాస్ కటర్ పెడతారు. అందుకే ముందు గాలి వదిలి, వాల్వ్ విప్పి, మెడ మరల్ని పాడుచేయాలి లేదా రంపంతో రెండు ముక్కలు చేయాలి. ఇక ఎవరూ నింపలేరు. అడుగు కోసేసిన ట్యాంకు, ముఖ్యంగా అల్యూమినియంది, బాగా మోగుతుంది. డైవింగ్ కేంద్రాల్లో చాలాచోట్ల దాన్ని తాడు కట్టి వేలాడదీసి గంటగా వాడతారు, మన పల్లెటూరి బళ్లలో రైలు పట్టా ముక్కని వాడినట్టే.